మా సముద్రపు తొట్టియు, దాని క్రింది సంపు శుభ్రతయు

మన పాఠశాల విజ్ఞానశాస్త్రశాలలో అడుగిడినవారు మొట్టమొదట నిలుచునది కిటికీ ప్రక్కనున్న సముద్రపు తొట్టి యెదుటనే. వార్షికోత్సవమునాడు వచ్చిన తలిదండ్రులు, సంఘపు పెద్దలు, తుదకు తనిఖీకి వచ్చిన అధికారులు గూడ అచ్చట రెండు నిమిషములైనను నిలువక కదలరు. చిన్న తరగతుల పిల్లలు అద్దమునకు ముక్కులానించి, నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలుగల క్లౌను చేపలను చూచి మురిసిపోవుదురు. కాని ఆ తొట్టిక్రింది చెక్కబీరువా తలుపు తెరచి లోన నేమున్నదని అడిగినవారు మిక్కిలి అరుదు. ఆ బీరువాలోనే పై తొట్టికి ప్రాణాధారమైన సంపు కలదు. పైన నీరు నిర్మలముగా నుండుటకు ఆ చీకటిపెట్టెయే కారణము. గడచిన జూన్ మాసమున మన చేపలు రెండు చనిపోవుటకును ఆ చీకటిపెట్టెయే కారణము. అందుచేత ఈ సంవత్సరము విజ్ఞానశాస్త్ర సంఘము తరఫున మేము పై తొట్టి సొగసును గూర్చి గాక, క్రింది సంపును గూర్చియు, అందు పేరుకొను మడ్డిని తీయు విధమును గూర్చియు వ్రాయ నెంచితిమి.

సంపు అనుమాట మన యిండ్లలో అందరెరిగినదే. కుళాయి నీరు వచ్చినప్పుడు పట్టి నిలువచేసికొనుటకు ఇంటిముంగిట భూమిలో కట్టు తొట్టికి ఆ పేరు. ఇదియు అట్టిదే గాని, ఇందు నీరు నిలువయుండదు. రేయింబవళ్లు పారుచునే యుండును. మన పై తొట్టి పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 60. అందు 55 సెంటీమీటర్ల వరకు నీరుండును. అనగా 396 లీటర్లు. క్రింది సంపు పొడవు 90, వెడల్పు 40, ఎత్తు 40 సెంటీమీటర్లు. అందు 22 సెంటీమీటర్ల వరకు మాత్రమే నీరుంచుదుము. అనగా సుమారు 79 లీటర్లు. మిగిలిన 18 సెంటీమీటర్ల ఖాళీ ఊరక విడిచినది కాదు. దాని కథ ముందు చెప్పుదుము.

చెరువు నిండినపుడు మిగులునీరు అలుగుపై పొర్లునట్లు, పై తొట్టిలో ఒక మూల నమర్చిన అద్దపు అలుగుమీదుగా నీరు పొర్లి గొట్టముద్వారా సంపులోనికి దిగును. సంపు అద్దపు అడ్డుపలకలచేత నాలుగు గదులుగా విభజింపబడియున్నది. మొదటి గదిలో దిగునీటికి అడ్డముగా దళసరి బట్టతో కుట్టిన వడపోత సంచి వ్రేలాడును. రెండవ గదిలో నురుగుయంత్ర మున్నది. ఇది అతిసూక్ష్మములైన గాలిబుడగలను పుట్టించి, నీటిలో కరిగియున్న మాంసకృత్తులను, జిడ్డును ఆ బుడగలకు అంటజేసి, నురుగుగా పైగిన్నెలోనికి నెట్టును. గాలి హోరున వీచిన దినమున సముద్రపుటొడ్డున చేరు నురుగును చూచినవారికి దీని పని సులభముగా బోధపడును. మూడవ గదిలో సందులు సందులుగా నుండు పింగాణి ముక్కలు గలవు. కడపటి గదిలోని పంపు ఆ నీటిని మరల పైకి పంపును.

తొట్టిక్రింద తొట్టి యను నీ యేర్పాటు నేటి యంత్రములతో పుట్టినది కాదు. 1850 ప్రాంతమున లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక గాజుతొట్టిలో చేపలను, నీటిమొక్కలను, నత్తలను కూడ నుంచి పరీక్షించెను. మొదట కుళ్లిన ఆకులవలన నీరు చెడిపోవుచుండగా, ఆ కుళ్లును తినివేయు నత్తలను చేర్చిన పిదప గాని తొట్టి కుదుటపడలేదు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల గృహము తెరువబడెను. ఆ మరుసటి సంవత్సరమున ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథము వలన ఇంగ్లండులో ఇంటింట సముద్రపు తొట్టి పెట్టుకొను వేడుక బయలుదేరెను. గాస్ గొప్ప ప్రకృతిశాస్త్రజ్ఞుడేగాక దృఢమైన భక్తుడును, బోధకుడును. ఆయన చూపిన త్రోవనే జనులు గుంపులుగా సముద్రతీరముల కేగి రాతిగుంటలలోని జీవులను దోచుకొనిపోవగా, ఆ గుంటలు బోసిపోయిన సంగతిని ఆయన కుమారుడు పిదప దుఃఖముతో వ్రాసియున్నాడు.

అట్లు కొనిపోయిన జీవులలో పెక్కులు కొద్దిదినములలోనే చచ్చుచుండెను. నీరు పచ్చబడి, మురిగి, దుర్గంధము కొట్టుచుండెను. ఈ చిక్కును విప్పినవాడు విల్లియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్. ఆయన విశ్వవిద్యాలయములలో చదివినవాడు కాడు. పుస్తకములకు అట్టలు కట్టి బ్రతికినవాడు. 1871లో లండను దాపున క్రిస్టలు ప్యాలెసు నందు తెరచిన సముద్రజంతుశాలకు ఆయన అద్దపుతొట్లకంటె అనేక రెట్లు పెద్దదైన చీకటితొట్టి నొకదానిని క్రింద కట్టించి, ఆవిరియంత్రముచేత నీటిని ఎడతెగక పైకిని క్రిందికిని త్రిప్పించెను. వెలుతురు లేనిచోట పచ్చనిపాచి పెరుగదు; నీరు విస్తారమైనచో ఏ దోషమైనను పలుచబడును; కదలు నీటికి ప్రాణవాయువు సమృద్ధిగా లభించును. ఈ మూడు సంగతులను ఆయన గ్రహించెను. మన బీరువాలోని 79 లీటర్ల పెట్టె ఆ చీకటితొట్టి వంశములోనిదే.

ఇక మడ్డి యెక్కడిదందురా? చేపల మలము, తినగా మిగిలిన మేత, చచ్చిన పాచి, రాళ్లనుండి రాలు పొడి, సూక్ష్మజీవుల జిగురు, ఇవన్నియు కలిసినదే మడ్డి. పై తొట్టిలో నీటి త్రోపుడు హెచ్చు గనుక అది అచ్చట నిలువదు. అలుగు దాటి సంపులోనికి దిగి, అడ్డుపలకలచాటున నీరు నెమ్మదించినచోట అడుగు పట్టును. వరదనీటితో వచ్చిన గోదావరి, సముద్రముదాపున వేగము తగ్గగానే తన ఒండ్రును దించి లంకలు కట్టుట మనవారెల్లరు చూచినదే. మన సంపులో మూడవ గది మూలలును, పంపు వెనుకటి సందును ఇట్టి లంకలు పుట్టు స్థలములు. ఇవిగాక చెత్తయు కొంత చేరును: ఉప్పు పెచ్చులు, నత్తగుల్లలు, ఒకప్పుడు విద్యార్థి చేజార్చిన పెన్సిలుముక్కయు.

మడ్డి యచ్చట ఊరకే పడియున్నచో మనకు బాధ లేదు. కాని అది క్రమముగా కుళ్లుచుండును. కుళ్లినప్పుడు అమోనియా పుట్టును. ఇది చేపలకు విషము. సముద్రపు నీరు క్షారగుణము గలది గాన అందు దీని విషగుణము మంచినీటిలోకంటె హెచ్చు. దేవుని సృష్టిలో దీనికి విరుగుడును కలదు. ఒక తెగ సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మార్చును. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. 1890 ప్రాంతమున సెర్గీ వినొగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఇట్టి జీవులను వేరుచేసి, వాని పనిని లోకమునకు తెల్పెను. మన పింగాణి ముక్కలమీదను, పై తొట్టి రాళ్లమీదను కాపురమున్నవి ఈ జీవులే. నైట్రేటు అంతటి విషము కాదు గాని, అది ఎచ్చటికిని పోక నీటిలోనే కూడుచుండును. దానిని తగ్గించుటకు నీటిని కొంత మార్చవలెను. అంతకంటె ముందు, మడ్డి కుళ్లకమునుపే దానిని బయటికి తీసివేయవలెను.

ఇచ్చట మేము చాలకాలము పొరబడిన సంగతి యొకటి కలదు. వడపోత సంచిలో మలినము చిక్కినదనగానే నీరు శుభ్రపడినదని తలంచుచుంటిమి. కాని ఆ సంచి నీటిలోనే మునిగియున్నది గదా! అందు చిక్కినది అచ్చటనే కుళ్లి, పారునీటిలోనే కరగిపోవును. కంటికి కనబడకపోయిన మాత్రమున మలినము పోయినట్లు కాదు. అందుచే సంచిని 3, 4 దినముల కొకసారి తీసి ఉతికిననే దానివలన ప్రయోజనము. నెలకొకసారి ఉతికెదమనువారు సంచి లేకుండుటయే మేలు.

జూన్ మాసపు సంగతి యిది. వేసవి సెలవులలో మన కావలిదారుగారు మేము చెప్పినట్లు దినము తప్పక మేత వేసి, ఇగిరిపోయిన నీటికి బదులు మంచినీరు పోయుచు వచ్చిరి. సంపు తలుపు తెరువుమని మేము ఆయనకు చెప్పలేదు. లోపము మాదేగాని ఆయనది కాదు. బడి తెరచిన తరువాత చూడగా, అడుగున రెండంగుళముల మందమున మడ్డి పేరియున్నది. పైన గోధుమవన్నె, క్రింద నలుపు. మొదటి శనివారముననే మేమెల్లరము మిక్కిలి ఉత్సాహముతో పనికి దిగితిమి. పంపు ఆపకయే కర్రతో మడ్డిని కలియబెట్టితిమి. కదలిన మడ్డి నీటితో పాటు తిరిగి సంచిలో చిక్కునని మా యూహ. అంతటితో ఆగక, పింగాణి ముక్కలనన్నిటిని కుళాయిక్రింద పెట్టి, తెల్లగా మెరయువరకు బ్రష్షుతో తోమితిమి. సాయంకాలమునకు సంపు అద్దమువలె నుండెను. పై తొట్టి మాత్రము మజ్జిగవలె నుండెను. రేపటికి తేరుకొనునని తలుపులు వేసి పోతిమి. మరునాడు ఆరాధన ముగిసినపిదప వచ్చి చూడగా నీలిచేప యొకటియు, క్లౌను చేపలలో పెద్దదియు అడుగున పడియున్నవి. బ్రతికియున్న మూడును నీటిపైకి మూతులెత్తి రొప్పుచుండెను.

ఎందుకిట్లు జరిగినదని ఆ వారమంతయు చదివితిమి, అడిగితిమి, పరీక్షించితిమి. సముద్రపు నీటిలో ప్రాణవాయువు తక్కువ. మనము తొట్టి నుంచు 26 డిగ్రీల వేడిమిలో లీటరుకు 6 నుండి 7 మిల్లిగ్రాములు మాత్రమే యుండును. కుళ్లుచున్న మడ్డిని ఒక్కమారుగా నీటిలో చల్లినప్పుడు అందలి సూక్ష్మజీవులు ఆ కొద్ది ప్రాణవాయువును హరించును. ఇది మొదటి కీడు. రెండవది ఇంతకంటె ఘోరము. సముద్రపు నీటిలో గంధకలవణములు, అనగా సల్ఫేటులు, లీటరుకు సుమారు రెండున్నర గ్రాములకు పైగా నుండును. మందమైన మడ్డిలో గాలి చొరని అడుగుపొరయందు ఒకజాతి సూక్ష్మజీవులు ఈ సల్ఫేటులనుండి హైడ్రోజను సల్ఫైడు అను విషవాయువును పుట్టించును. కుళ్లిన కోడిగ్రుడ్ల కంపు దానిదే. మడ్డి నల్లబారుటయు ఇనుము ఆ వాయువుతో కలియుటవలననే. మేము కర్ర పెట్టి కలియబెట్టినది ఆ పొరను. మూడవ కీడు కుళాయి నీటిలోని క్లోరిను. మనకు రోగములు రాకుండ సూక్ష్మజీవులను చంపుటకే దానిని నీటిలో కలుపుదురు. అది పింగాణి ముక్కలమీది మన మేలైన జీవులను గూడ చంపెను. ఆ తరువాత పది దినములు అమోనియా కనబడుచునే యుండెను. దినము విడిచి దినము నీరు మార్చుచు, మేత తగ్గించుచు మిగిలిన మూడు చేపలను నిలుపుకొంటిమి.

క్లౌను చేపల జంటలో పెద్దది ఆడుది. అది చనిపోయినయెడల మగది క్రమముగా ఆడుదిగా మారుట ఆ జాతి స్వభావము. డిసెంబరులో మేము చిన్నచేప నొకదానిని తెచ్చి జత చేసితిమి. పాతది ఇప్పుడు మునుపటికంటె పెరిగి, మేతకు అదియే ముందు వచ్చుచున్నది. ఈ చేపలు సముద్రములో పట్టినవి కావు, తొట్లలో పుట్టి పెరిగినవి. మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌను చేపలను తొట్లలోనే పిల్లలు పెట్టించు విధమును సాధించియున్నారు. మన తొట్టిలో పగడములు లేవేమని కొందరు అడుగుచుందురు. గట్టి పగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి పట్టికలో చేరియున్నవి. వానిని సముద్రమునుండి తీయుట నేరము. మన రాళ్లు కాల్చిన మట్టితో చేసినవి.

ఇప్పుడు మేము అనుసరించు విధమును చెప్పెదము. పని శనివారము ఉదయమున. కాని దాని ఆరంభము శుక్రవారమునాడే. ఎంత నీటిని తీయుదుమో అంత ఉప్పునీటిని ముందుగా సిద్ధపరుపవలెను. మేము మొత్తము నీటిలో పదవ వంతు, అనగా సుమారు 50 లీటర్లు తీయుదుము. ఉప్పు లీటరుకు 35 గ్రాములు కావలెను; తొట్ల కొరకు అమ్ము సముద్రపుటుప్పులో కొంత తేమ యుండును గనుక 50 లీటర్లకు 1 కిలో 800 గ్రాముల వరకు పట్టును. వంటయుప్పు పనికిరాదు, అందు మెగ్నీషియము, కాల్షియము మొదలగునవి తగినంత లేవు. క్లోరిను తొలగించిన నీటిలో ఈ ఉప్పు కలిపి, చిన్న పంపుతో ఒక రాత్రియంతయు త్రిప్పి, ఉదయమున సాంద్రత 1.025 ఉన్నదా, వేడిమి తొట్టితో సమానముగా నున్నదా యని చూతుము. మన తీరపు నీటినే తెచ్చి పోయరాదా యందురేమో! వర్షకాలమున నదులు కలియుటచే బంగాళాఖాతపు ఒడ్డునీటిలో ఉప్పు బాగుగా తగ్గును, బురదయు హెచ్చు. ఒకసారి తెచ్చి చూచి మానివేసితిమి.

శనివారమునాడు పని ముగియువరకు మేత వేయము. మొదట, ఇగిరిన నీటికి బదులు మంచినీరు తానే పోయు సాధనమును ఆపుదుము. దానిని మరచినయెడల, మేము ఉప్పునీరు తీయుచుండగా అది నీరు తగ్గినదనుకొని మంచినీరు నింపుచు పోవును. పిదప నీటిని వెచ్చజేయు గాజుకడ్డీని ఆపుదుము. నీరు దిగి అది గాలికి తేలినచో పగిలిపోవును. తరువాత నురుగుయంత్రము, కడపట పెద్ద పంపు. ఆపుట మాత్రమే చాలదు; తీగల నన్నిటిని సాకెట్టులనుండి ఊడదీయవలెను. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా పారించును గనుక, ఉపాధ్యాయులు స్వయముగా తీగలు ఊడదీసి, సరియని చెప్పినగాని ఏ విద్యార్థియు నీటిలో చేయి పెట్టరాదని నియమము. తీగలను సాకెట్టుకంటె క్రిందికి వంగునట్లు వ్రేలాడదీసితిమి. తీగవెంట జారిన నీరు ఆ వంపునుండి నేల రాలును గాని సాకెట్టులోనికి పోదు.

పంపు ఆగగానే పై తొట్టిలోని నీరు కొంత సంపులోనికి దిగును. ఖాళీగా నుంచిన 18 సెంటీమీటర్లు దీనికొరకే. పైకి పోవు గొట్టపు మూతి నీటిమట్టమునకు 15 సెంటీమీటర్లు లోతున నున్నది. పంపు ఆగినపుడు ఆ గొట్టమే సైఫనుగా మారి నీటిని వెనుకకు లాగును. దానిని త్రెంచుటకు మట్టమునకు 4 సెంటీమీటర్ల దిగువను గొట్టమునకు సన్నని రంధ్రము కలదు. నీరు అచ్చటికి దిగగానే గాలి చొరబడి సైఫను తెగును. నాలుగు సెంటీమీటర్లు దిగుటవలన వచ్చు నీరు 28.8 లీటర్లు, దానివలన సంపులో మట్టము 8 సెంటీమీటర్లు పెరిగి 30 అగును. పొర్లదు. ఆగస్టులో ఒకనాడు ఆ రంధ్రమునకు పాచి అడ్డుపడియుండుట మేము చూడలేదు. నీరు 15 సెంటీమీటర్లును దిగెను. అనగా 108 లీటర్లు. సంపులో ఖాళీ 64.8 లీటర్లకు మాత్రమే. తక్కిన 43 లీటర్లు విజ్ఞానశాస్త్రశాల నేలపై పారెను. మన గణితోపాధ్యాయులు ఆ సోమవారముననే ఎనిమిదవ తరగతికి దీనిని లెక్కగా నిచ్చిరి. తుడుపుగుడ్డలు పట్టినవారెల్లరును సరియైన జవాబు చెప్పిరి. నాటినుండి పంపు ఆపుటకు ముందు ఆ రంధ్రమును పుల్లతో పొడిచి చూచుట మాకు అలవాటు.

పంపు ఆగిన తరువాత 15 నిమిషములు ఊరక కూర్చుండవలెను. పిల్లలకు ఇదియే మిక్కిలి కష్టమైన పని. కాని లేచిన మడ్డి మరల అడుగు పట్టుటకు ఆ వ్యవధి అవసరము. అటుపిమ్మట అర అంగుళపు రబ్బరు గొట్టమును నీటితో నింపి, ఒక కొనను బొటనవ్రేలితో మూసి, మూయని కొనను సంపులో ముంచి, మూసిన కొనను క్రిందనున్న బొక్కెనలోనికి దింపి వ్రేలు తీయుదుము. నీరు దానంతట అదే దిగును. నోటితో పీల్చుట కూడదు. గొట్టపు మూతిని మడ్డికి ఆనించి, చీపురువలె ఊడ్వక, పొలములో నత్త నడచినట్లు నడిపింపవలెను. త్వరపడినచో మడ్డి లేచును; మడ్డి లేచినచో తేటనీరు బొక్కెనలోనికి, మడ్డి సంపులోనే. మూలలయందు, పింగాణి ముక్కల క్రింద, గొట్టము చొరని చోట్లను రబ్బరుబుడ్డి గల పిచికారితో మెల్లగా ఊది, కదలినదానిని వెంటనే గొట్టముతో అందుకొందుము. నల్లని పొర యెక్కడనైన కనబడినచో దానిని ఊదరాదు, కదపరాదు. మూతిని నేరుగా దానిలోనికి దింపి పీల్పవలెను. రెండు బొక్కెనలు నిండుసరికి మొదటి దినమున మడ్డిలో సగము మాత్రమే వచ్చెను. మిగిలినదానిని వచ్చు శనివారమునకు విడిచితిమి. అంతయు ఒకేదినమున తీయవలెనను పట్టుదలయే మాకు జూన్‌లో చేటు తెచ్చినది.

బొక్కెన నీటిని తెల్లని గుడ్డగుండ వడకట్టి చూచుట మాలో చిన్నవారికి మిక్కిలి ప్రీతి. రొయ్యపిల్లను పోలిన గింజంత ప్రాణులు ఎగురుచు కనబడును. ఇవి మడ్డినే తిని బ్రతుకును గనుక వానిని చెంచాతో ఏరి మరల సంపులో విడుతుము. చుక్క మడ్డిని సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో గాజుపెంకులుగల డయాటములు, సున్నపు గొట్టములో వసించు పురుగుల పెంకులు, మేతతునకలు కనబడును. పదవ తరగతి బాలిక యొకతె వీని బొమ్మలు వ్రాసి గోడకు తగిలించినది, చూడవచ్చును.

పింగాణి ముక్కలను ఇప్పుడు తోమము. నెలకొకసారి వానిలో నాలుగవ వంతును మాత్రము, బొక్కెనలోని ఉప్పునీటిలోనే రెండుమూడు మారులు జాడించి పెట్టివేయుదుము. నురుగుయంత్రపు గిన్నెను మాత్రము ఎంత తోమినను దోషము లేదు. అందలి మెడకు అంటిన జిడ్డు పోయిననే నురుగు పైకెక్కును. వడపోత సంచిని తిరగవేసి, హాస్టలు చాకిరేవు బండపై సబ్బు లేకుండ ఉతికి, ఎండలో ఆరవేసి, రెండవ సంచిని తొడుగుదుము. మూడు నెలలకొకమారు పంపును విప్పి, వెనిగరును నీటిని సమపాళ్లుగా కలిపి అందు నానవేయుదుము. లోనిచక్రమునకు పట్టిన సున్నము బుసబుస పొంగి కరగును. ఆమ్లము సున్నముతో కలిసినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టునని పుస్తకములో చదివినదానిని పిల్లలు ఇచ్చట కన్నులార చూతురు.

తీసిన గుర్తువరకు క్రొత్త ఉప్పునీరు పోసి, మొదట పెద్ద పంపును, పిదప వెచ్చజేయు కడ్డీని, నురుగుయంత్రమును, కడపట మంచినీటి సాధనమును నడుపుదుము. తరువాత ఒక గంట చేపల శ్వాసను కనిపెట్టియుందుము. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. వ్రేలికి గాయమున్నవారికి ఆ వారము సెలవు. చేపతొట్ల నీటిలో నుండు ఒకజాతి సూక్ష్మజీవి గాయముద్వారా చొరబడినచో నెలలతరబడి మానని పుండ్లను కలిగించును. పని ముగిసినపిదప సబ్బుతో మోచేతులవరకు కడుగుకొనుట అందరికిని నియమము.

ఒక తండ్రిగారు జూలైలో మావద్దకు వచ్చి, "అయ్యా, మా వానిని చదువుకొమ్మని పంపితిమి గాని మురికి ఎత్తుటకు పంపలేదు. ఈ పనికి మనుష్యులు లేరా?" యని అడిగిరి. ఆయన మాటలలో కోపముకంటె బాధయే యెక్కువ. మురికి ఎత్తుట కొందరి కులపు పనియని లోకము చిరకాలముగా విధించియుండుట మన మెరుగని సంగతి కాదు. ఆ భారమును తప్పించుకొనుటకే బిడ్డను బడికి పంపిన తండ్రికి ఇట్టి సందేహము కలుగుట సహజము. మేము వాదింపలేదు. గోడనున్న వంతుల పట్టికను చూపితిమి. అందు మొదటి పేరు విజ్ఞానశాస్త్రోపాధ్యాయులది, రెండవది ప్రధానోపాధ్యాయులది. తరువాత అకారాదిగా అందరు విద్యార్థులును. ఏ పేరునకును ఎదుట మినహాయింపు లేదు. ఆయన పట్టికను రెండుమార్లు చదివి, ఆ శనివారము తామే వచ్చి బీరువా యెదుట స్టూలుపై కూర్చుండి పని సాంతము చూచిరి. గొట్టపు మూతిని మెల్లగా నడిపించుట తన కుమారునికి మాకంటె బాగుగా చేతనయ్యెనని మేమును ఒప్పుకొనవలసివచ్చెను. పోవునపుడు ఆయన అడిగిన ప్రశ్న వేరు: సంపు నీరు ఎచ్చట పారబోయుదురని. తోటలో పోయము, ఉప్పునకు మొక్కలు చచ్చును. మురుగుకాలువలోనే పోయుదుము. కొబ్బరిచెట్టు ఉప్పును కొంత సహించునుగాన ఒక బొక్కెన దాని మొదట పోసి చూడుడని ఆయన చెప్పిరి. పడమటి ప్రహరీ ప్రక్కనున్న చెట్టునకు మాత్రము నెలకొక బొక్కెన పోయుచున్నాము; ఇంతవరకు చెట్టునకు చెరుపు కనబడలేదు.

ఈ వేసవి సెలవులలో సంపు తలుపు మూసి యుంచరాదని సంఘము నిర్ణయించినది. ఏడు శనివారములకు ఏడు వంతులు కావలెను. ఉపాధ్యాయులలో ఇరువురు నాలుగు శనివారములకు పేర్లిచ్చిరి. రెండు శనివారములను ఊరిలోనే యుండు తొమ్మిదవ తరగతివారు తీసికొనిరి. మే మాసపు మూడవ శనివారము ఇంకను ఖాళీగా నున్నది. తలిదండ్రులలో గాని, పూర్వవిద్యార్థులలో గాని ఆ ఉదయము రెండు గంటలు రాగలవారు విజ్ఞానశాస్త్రశాలలో తమ పేరు వ్రాయింప ప్రార్థన. గొట్టము, తొడుగులు, రెండు బొక్కెనలు బీరువాలో కుడిప్రక్కన నుండును. తీగలు ఊడదీయుటకు ఉపాధ్యాయులొకరు తప్పక వత్తురు.